బంతి ఏది, పెట్టె ఏది

ఇంటి నుంచి,
వంటగది బల్ల మీద

అమ్మలూ,

చిన్నోడికి చూపొచ్చింది!

మళ్ళీ రాస్తున్నా, చదువుకో. నీ తమ్ముడికి, పుట్టినప్పటినుంచి వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ ఎరగనివాడికి, చూపొచ్చింది. నిన్న పొద్దున కట్టు విప్పారు. నీకు ఫోన్ చేశాను. నువ్వు "హలో, ఎవరండీ" అన్నావు. నాకు ఏడుపొచ్చి పెట్టేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. నువ్వు రెండోసారి కాస్త తిట్టావు కూడా. పర్లేదులే, అది నేనే. అందుకే కాగితం తీసుకున్నా. కాగితం మీద ఏడ్చినా ఎవరికీ వినపడదు.

డాక్టరమ్మ కట్టు విప్పి, "ఏం కనపడుతోంది బాబూ?" అంది. వాడు తల వెనక్కి లాక్కున్నాడు, ఎవరో మొహం మీదికి వచ్చినట్టు. "చాలా ఉంది. అంతా ఒక్కసారే ఉంది" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో చూడు! నేనింక ఆగలేక, "ఒరేయ్ చిన్నోడా, నేనురా, మీ నాన్నని!" అన్నాను. వెంటనే నా వైపు తిరిగి, "నాన్నా" అన్నాడమ్మా. మొహం చూసి గుర్తుపట్టేశాడు! మీ అమ్మేమో, "మీరు ఆసుపత్రి మొత్తం వినపడేలా అరిచాక గోడ కూడా గుర్తుపడుతుంది" అంది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా, శుభమా అని ఏదన్నా జరిగితే దానికొక చిల్లు పెట్టందే ఊరుకోదు.

ఇన్నేళ్ళు ఊళ్ళో ప్రతి కొట్టుకీ బోర్డు నేనే రాశాను. అందరూ చదువుకున్నారు, నా కొడుకు తప్ప. చిన్నప్పుడు చూపించిన డాక్టర్లందరూ లాభం లేదని చేతులెత్తేశారు. ఈవిడ మాత్రం, "ఒక కన్ను ప్రయత్నిద్దాం, చెడిపోయేదేమీ లేదు" అంది. రెండో కంటికి తొందర లేదట. ముందు ఈ కంటితో వాడు ఎలా సర్దుకుంటాడో చూసి అప్పుడు చెబుతానంది. సర్దుకోవడమేంటి, చూడటానికి కూడా నేర్చుకోవాలా ఎవరన్నా?

ఇంటికి రాగానే రంగు డబ్బాలన్నీ మూతలు తీసి వరసగా పెట్టాను. ఇది ఎరుపు, ఇది పసుపు, ఇది నీలం అని మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నా. వాడు ప్రతిదానికీ "బాగుంది నాన్నా" అన్నాడు. నల్లదానికి కూడా.

నీ చదువుకీ దీనికీ ఏదో సంబంధం ఉందని ఎప్పుడో అన్నావు. ఏంటది? రాయి.

మీ నాన్న


స్టాఫ్ క్వార్టర్స్,
పై అంతస్తు గది

నాన్నా,

ఆ మాట్లాడని ఫోను నువ్వేనా! నేను తిట్టింది మర్చిపో. నీ ఉత్తరం నిలబడే చదివాను, కూర్చోవాలని తోచలేదు. పక్కగదిలో లెక్కల మేడమ్ పరిగెత్తుకొచ్చి, "ఎవరన్నా పోయారా?" అని అడిగింది. "మా తమ్ముడికి చూపొచ్చింది" అంటే ఆవిడా నాతోపాటు ఏడ్చింది.

సంబంధం ఏంటో చెబుతా. నేను పాఠం చెప్పే తత్వవేత్తల్లో ఒక వర్గం ఉంది. మనకి తెలిసిందేదైనా కళ్ళు, చెవులు, చర్మం, ముక్కు, నాలుకల గుండానే లోపలికొచ్చిందని వాళ్ళంటారు. పుట్టినప్పుడు లోపల ఏమీ రాసి ఉండదు, ఖాళీ బోర్డు. నీ భాషలో చెప్పాలంటే, అక్షరాలు రాయకముందు ప్రైమర్ పూత కొట్టి వదిలేసిన రేకు. అలాంటప్పుడు వాళ్ళలో ఒకాయనకి ఒక అనుమానం వచ్చింది. పుట్టుగుడ్డి ఒకడు చేత్తో తడిమి బంతికీ పెట్టెకీ తేడా తెలుసుకున్నాడు. వాడికి ఒక రోజు చూపొచ్చింది. ముట్టుకోకుండా, కేవలం చూసి, ఏది బంతో ఏది పెట్టో చెప్పగలడా? వేళ్ళకి తెలిసింది కంటికి కూడా తెలిసినట్టేనా, లేక కన్ను మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలా?

దీని మీద వందల ఏళ్ళ నుంచి వాదించుకుంటున్నారు నాన్నా. నేను ఏటా పిల్లలకి ఈ ప్రశ్న చెబుతూనే ఉన్నా. చెప్పేటప్పుడల్లా చిన్నోడే గుర్తొస్తాడు.

ఒక్క పని చెయ్యి. ఒకే చెక్కతో చేసిన బంతి ఒకటి, పెట్టె ఒకటి, దాదాపు ఒకే సైజువి తీసుకో. బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి పెట్టు, చప్పుడు కాకూడదు. వాణ్ణి ముట్టుకోనివ్వకు. నిదానంగా చూడమను, చెప్పమను. నువ్వు మాత్రం పక్కన నిలబడి దగ్గొద్దు, సైగ చెయ్యొద్దు, ఎగరొద్దు. నీ సంగతి నాకు తెలుసు. వాడు తప్పు చెప్పినా పర్లేదు. తప్పు చెబితే అది కూడా జవాబే. కానీ తొందరగా చెయ్యి, వాడికి అలవాటైపోతే ఇంక ఉపయోగం ఉండదు. వచ్చే వారం మా సదస్సులో నేను మాట్లాడాలి.

నీ
పెద్దది

తా.క. కన్ను నొప్పిగా ఉందా అని అడగడం మర్చిపోయాను. అడిగానని చెప్పు.


ఇంటి నుంచి,
అదే బల్ల మీద, బంతీ పెట్టే ఇంకా ఇక్కడే ఉన్నాయి

ఇన్ని షరతులు పెట్టిన మా ఇంటి లాయరమ్మకి,

గెలిచాడు! నీ తమ్ముడు గెలిచాడమ్మా!

వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఒకే దుంగలోంచి రెండూ చేయించాను. "పెద్దాయనా, ఈ వయసులో ఆటవస్తువులెందుకు?" అని వాడు నవ్వాడు. "ఇది ఆట కాదురా, పెద్ద పెద్దవాళ్ళు తల బద్దలు కొట్టుకున్న సంగతి" అన్నాను. నా మొహం వంక అదోలా చూశాడు.

ఆదివారం పొద్దున మంచి వెలుతురులో వాణ్ణి కూర్చోబెట్టాను. నువ్వు చెప్పినట్టే అంతా చేశా. మీ అమ్మ, "వాడేమన్నా సర్కస్ కోతా?" అని గిన్నె ధడాలున పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. అదీ మంచిదే అయింది, చప్పుడు లేకుండా. నేను ఊపిరి కూడా బిగబట్టి నిలబడ్డాను. వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "ఎడమ పక్కది బంతి నాన్నా. కుడి పక్కది పెట్టె" అన్నాడు. ఖచ్చితంగా అలాగే ఉన్నాయి! ఎడమ పక్క బంతి, కుడి పక్క పెట్టె! నేను ఎగరొద్దన్నావు గానీ, ఎగిరాను. అప్పటికి పరీక్ష అయిపోయిందిలే.

మీ పెద్దవాళ్ళు ఎన్నేళ్ళో తేల్చుకోలేనిది మా వంటగదిలో తేలిపోయింది చూడు. ఖాళీ రేకూ కాదు, ఏమీ కాదు. వాడికి అన్నీ ముందే తెలుసు, కన్ను తెరిస్తే చాలు. సదస్సులో గట్టిగా చెప్పు.

తర్వాత వాడు, "ఇంక చాలా నాన్నా?" అని అడిగి గదిలోకెళ్ళి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అంత సంతోషం ఒక్కసారి వస్తే ఎవరన్నా ఎలా తట్టుకుంటారు!

కన్ను నొప్పి లేదట. అక్క అడిగిందంటే, "థాంక్స్ చెప్పు" అన్నాడు.

మీ నాన్న


స్టాఫ్ క్వార్టర్స్

నాన్నా,

నిన్న సదస్సులో చెప్పాను. కాగితం పక్కన పెట్టేసి, "నా తమ్ముడు" అని మొదలుపెట్టాను. అయ్యాక చప్పట్లు కొట్టారు. మా సబ్జెక్టులో చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు, మామూలుగా సగంమంది నిద్రపోతుంటారు.

ఒక రిటైరైన మాస్టారు మాత్రం లేచి, "మీరు అక్కడున్నారా?" అని అడిగారు. "మా నాన్న ఉన్నారు, ఆయన చూశారు" అన్నాను. "మీ నాన్నగారు చూశారు, సరే. మీ తమ్ముడు చూశాడా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కొందరు అంతే, మంచివార్త వింటే నోట్లో పుల్ల గుచ్చుకున్నట్టుంటారు.

ఇంకో సంగతి. డాక్టరమ్మకి ఫోన్ చేసి బంతి సంగతి చెప్పాను. ఆవిడ చాలా ఆశ్చర్యపోయింది. "ఇంత త్వరగా సర్దుకున్నాడంటే ఇక ఆగడమెందుకు" అని వచ్చే నెల మొదట్లో రెండో కంటికి ఆపరేషన్ పెట్టింది. నీకు కబురు పంపుతానంది. సంతోషమేగా?

ఇదంతా పత్రికలో రాయమంటున్నారు. కాబట్టి కాస్త వివరంగా రాయి. గుడ్డ ఎలాంటిది పరిచావు? వాడు ఎంతసేపు చూశాడు? మొదట ఏమన్నాడు? చివరి జవాబు కాదు, మొట్టమొదటి మాట కావాలి.

పెద్దది


ఇంటి నుంచి

అమ్మలూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. గుడ్డ పరిచాను. పరిచాననే గుర్తు. మిగతావి గుర్తు చేసుకుని రాస్తాలే.

డాక్టరమ్మ దగ్గర్నుంచి డేటు వచ్చింది. అందరూ సంతోషంగా ఉన్నాం. మొన్న బంధువులందరూ చిన్నోణ్ణి చూడటానికొచ్చారు. నేనే పిలిచాను. ఇల్లంతా జనం, కుర్చీలు చాలక పక్కింటివి తెచ్చాం. ఒక్కొక్కళ్ళూ వాడి ముందుకొచ్చి "నేనెవర్నో చెప్పుకో" అనడం, వాడు టక్కున చెప్పడం. ఎంత సందడో! చివరికి మిగిలిన మీ చిన్నత్త, జన్మలో మొదటిసారి, నోరు మూసుకుని వాడి ఎదురుగా నిలబడింది. వాడు చూశాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. వాడు చెయ్యి చాపి, పక్కన వేలాడుతున్న పరదా కొస పట్టుకుని, "బాగున్నావా అత్తా" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. వాడే అందరికంటే గట్టిగా నవ్వాడు.

వాడు పనిచేసే సైకిల్ షాపులో మొదట్లో ఒక చక్రం పాడు చేశాడట. నీకు తెలుసుగా, సైకిల్ రిమ్ము ఎక్కడ వంకర పోయిందో బొటనవేలు ఆనించి తిప్పితే వాడికి తెలిసిపోయేది, ఊళ్ళో సగం సైకిళ్ళు వాడి చేతి మీదే నిలబడ్డాయి. ఇప్పుడు తిరిగే చక్రం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. కానీ తర్వాత సర్దుకుందట, పని మళ్ళీ బ్రహ్మాండంగా ఉందట. చూపుతో అలవాటైపోయుంటుంది.

వాడు నాకు రోజూ ఒక మంచిమాట చెబుతాడు, "నాన్నా, ఇవాళ నీ చొక్కా బాగుంది" అని. నిన్న కూడా చెప్పాడు.

నిన్న నేను చొక్కా వేసుకోలేదమ్మా. బనీనుతో ఉన్నాను.

ఉంటాను.

నాన్న


స్టాఫ్ క్వార్టర్స్

నాన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎప్పుడూ నీ ఉత్తరాల్లో ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. ఇందులో ఒకే ఒక్కటుంది, అది కూడా కుర్చీల పక్కన.

ఆ రోజు బల్ల దగ్గర ఏం జరిగింది? నేను కోప్పడను. కోప్పడే మొహం నాకు లేదు. వాడి కట్టు విప్పిన వారంలో నేను రాసిన ఉత్తరం నకలు నా దగ్గరుంది, నిన్న తీసి చూసుకున్నాను. నిండా బంతీ, పెట్టే, గుడ్డా. నా తమ్ముడికి నొప్పిగా ఉందా అన్న మాట చిట్టచివర, సంతకం కింద ఉంది. వాడు దానికి థాంక్స్ చెప్పాడు.

పత్రికవాళ్ళకి ఇంకా ఏమీ ఇవ్వలేదు. నిజం రాయి నాన్నా.

పెద్దది


ఇంటి నుంచి,
వరండా మెట్టు మీద

అమ్మలూ,

రాస్తున్నాను. నీకు ఎదురుగా చెప్పాల్సి వస్తే చెప్పలేకపోయేవాణ్ణి.

గుడ్డ పరవలేదు. మర్చిపోయి కాదు, పరిచి మళ్ళీ తీసేశాను. వాణ్ణి కూర్చోబెట్టినప్పుడు గుడ్డ ఉంది. వాడు చూశాడు. కంట్లోంచి నీళ్ళు కారేంతగా చూశాడు. నువ్వడిగిన మొట్టమొదటి మాట ఇది: "రెండు మచ్చలున్నాయి నాన్నా. ఒకటి ఇంకోదానిలాగే ఉంది. ముట్టుకోనా?" నేను వద్దన్నాను. "మళ్ళీ చూడరా" అన్నాను. మళ్ళీ చూశాడు. "ఇందులో బంతి ఉందా నిజంగా?" అని అడిగాడు. బంతి వాడి చేతికి జానెడు దూరంలో ఉంది.

ఇంత చేసి, ఇంతమంది చుట్టూ తిరిగి, వాడికి బంతి కూడా కనపడకపోతే ఎలా? గుడ్డ ముడతలు పడిందని సర్దే మిషతో లాగేశాను. లాగేటప్పుడు మోకాలు బల్లకి తగిలింది. తగిలింది కాదు, తగిలించాను. బంతి గరగరమని కాస్త దొర్లింది. వాడు వెంటనే, "ఎడమ పక్కది బంతి" అన్నాడు. అని నా వైపు తిరిగి నవ్వాడు. నేను దొర్లించానని వాడికి తెలుసు. వాడు విన్నాడని నాకు తెలుసు. ఇద్దరం ఒకరి మోసం ఒకరం చూసుకున్నాం. అయినా ఎగిరానమ్మా. నీకు రాసిన ఉత్తరంలో ఎగిరానని రాశానే, అది మాత్రం అబద్ధం కాదు. ఎలా ఎగిరానో నాకే తెలియదు.

నిన్న పొద్దున బ్రష్షులు కొనడానికెళ్ళి సైకిల్ షాపు వీధిలోంచి వచ్చాను. వాడు చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళకి గుడ్డ కట్టుకున్నాడు. గట్టిగా, రెండు చుట్లు. బొటనవేలు రిమ్ము మీద ఆనించి తిప్పుతూ ఈల వేస్తున్నాడు. ఇంట్లో వాడి ఈల విని ఎన్నాళ్ళైందో అప్పుడు తోచింది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా వెయ్యలేదు.

షాపాయన నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు. "లోపలికి రండి పెద్దాయనా" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాను. "గంతలు కట్టుకోకపోతే చెయ్యి మాట వినట్లేదండీ వాడికి. మీకు చెప్పొద్దన్నాడు. మా నాన్న అంత సంతోషంగా ఉన్నాడు, పాడు చెయ్యకు అన్నాడు" అని చెప్పాడు. నేను లోపలికి వెళ్ళలేదు. ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?

నువ్వు ఖాళీ రేకు అన్నావు. నేనూ అలాగే అనుకున్నానేమో. వాడి బుర్రలో చీకటి తప్ప ఏమీ లేదనీ, మొదటి గీత నేనే గీయాలనీ. కానీ వాడు ఖాళీగా ఎక్కడున్నాడమ్మా? మన ఇల్లు, వీధి, అందరి అడుగుల చప్పుడు, ఎవరి గొంతులో ఎప్పుడు దిగులుందో, అన్నీ వాడికి తెలుసు. అదంతా రాసి ఉన్న బోర్డు. నాకు ఆ లిపి రాదు కాబట్టి ఏమీ లేదనుకుని పైన నా రంగు పూసేస్తున్నాను. రోజంతా "అదిగో ఎర్రది, అదిగో ఆకు" అని. వాడు తలూపుతున్నాడు.

ఇంకా పది రోజుల్లో రెండో కన్ను. ఆపమంటే కొడుకు చూపు ఆపిన తండ్రినవుతాను. ఆపకపోతే వాడు నాకోసం అది కూడా చేయించుకుని, "బాగుంది నాన్నా" అంటాడు. నువ్వు పెద్ద చదువులు చదివావు, తెలుసుకోవడం గురించే చదివావు. వాడికేం కావాలో నాకు ఎలా తెలుస్తుందో చెప్పు.

నాన్న


స్టాఫ్ క్వార్టర్స్

నాన్నా,

నాకు తెలియదు. నిజంగా తెలియదు. నా సబ్జెక్టు మొత్తం చదివితే చివరికి తేలేది కూడా అదే. వాడికి కనపడే ఎరుపు ఎలా ఉంటుందో నీకూ అందదు, నాకూ అందదు. మనకి అందేది వాడి మాటొక్కటే. దాన్ని నీ సంతోషంతో నువ్వు నొక్కేశావు, నా ప్రశ్నతో నేను నొక్కేశాను. ఇంత చదివీ నాకు తట్టనిది ఏంటంటే, వాడు పుస్తకంలో ఉదాహరణ కాదు, నోరున్న మనిషి. అడిగితే చెబుతాడు. మనిద్దరం వాణ్ణి ఏది బంతి అని అడిగాం గానీ, నీకెలా ఉందిరా అని అడగలేదు.

సదస్సువాళ్ళకి రాసేశాను, నేను చెప్పింది తప్పనీ, దాన్ని కొట్టేయమనీ. నిన్ను ఇరికించలేదు, తప్పు నాదే అన్నాను. నాదే కదా, చూడనిదాన్ని చూసినట్టు చెప్పింది నేను. ఆ రిటైరైన మాస్టారికి విడిగా రాశాను. రాయడానికి సాయంత్రమంతా పట్టింది. డాక్టరమ్మకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. డేటు అలాగే ఉంచమన్నాను. ఉంచాలో తీసెయ్యాలో వాడు చెప్పాలి, నువ్వూ నేనూ కాదు.

వెళ్ళి అడుగు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. అడిగేటప్పుడు సంతోషంగా ఉండకు. ఏడవకు కూడా. మామూలుగా ఉండు. నువ్వు సంతోషంగా ఉంటే వాడు కాదనలేడు, నీ గొంతు వాడికి తెలుసు.

పెద్దది


ఇంటి నుంచి,
మళ్ళీ వంటగదిలోంచి

అమ్మలూ,

వాడు నా మీద అరిచాడు! నీ తమ్ముడు, ఏనాడూ గొంతు పెంచనివాడు, ఇల్లెగిరిపోయేలా అరిచాడమ్మా!

నువ్వు చెప్పినట్టు మామూలుగా అడుగుదామనే వెళ్ళాను. మామూలుగా ఉండటం నాకు చేతకాలేదు. "షాపులో చూశానురా" అన్నాను. "రెండో కన్ను నీకు కావాలా వద్దా, నువ్వే చెప్పు, నాకు ఏదైనా ఒకటే" అన్నాను. అంతే, లేచి నిలబడ్డాడు.

"నీకు ఏదైనా ఒకటే ఎప్పుడైంది నాన్నా? నాకేం కనపడుతోందో నాకంటే ముందే నువ్వు చెప్పేస్తావు! పొద్దున కన్ను తెరవగానే మొదలు, అది కుర్చీ, ఇది చెట్టు, అదిగో పిట్ట! ఒక్కసారన్నా నన్ను అడిగావా, నీకేం కనపడుతోందిరా అని?"

మీ అమ్మ చేతిలో పనాపి గుమ్మంలో నిలబడింది. నేను తల వంచుకున్నాను. వంచుకున్నది వాడికి కనపడదు కదా, అందుకని నోటితో కూడా చెప్పాను, "తప్పు చేశానురా" అని. తర్వాత అడిగాను, "ఏం కనపడుతోందిరా?" అని.

వాడు మెల్లగా కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడమ్మా. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఈసారి నాది ఒక్క ముక్క కూడా కలపను.

"నీ మొహం మీద ఏవో కదులుతుంటాయి నాన్నా. నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో నాకు తెలియదు. గొంతు వింటే తెలుస్తుంది. అందుకే నువ్వు మాట్లాడినప్పుడు కన్ను మూసుకుంటాను. నీ మీద కోపంతో కాదు, నువ్వు సరిగ్గా వినపడాలని. వీధిలో అన్నీ మీదికొస్తాయి. దూరం ఏదో దగ్గర ఏదో తెలియదు. కన్ను తెరిచి నడిస్తే పడిపోతానని భయం, ఇదివరకు ఎప్పుడూ లేదు. ఇదంతా నిజం. కానీ పొద్దున కిటికీ దగ్గర ఒకటుంటుంది. తెల్లగా, కదులుతూ. అదేంటో నాకు తెలియదు. ముట్టుకుని చూస్తే తెలిసిపోతుంది, అందుకే ముట్టుకోలేదు. అది నాకు చాలా ఇష్టం. దాని పేరు నువ్వు చెప్పకు."

నాకు దాని పేరు తెలుసమ్మా. నాలుక కొసదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను. ఇన్నేళ్ళ బతుకులో అంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు.

రెండో కన్ను ఇప్పుడు వద్దన్నాడు. ఎప్పటికీ వద్దా అంటే, "అదీ తెలియదు, నాకే తెలియాలిగా ముందు" అన్నాడు. డాక్టరమ్మకి తనే ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ, "నిన్నే అడగాల్సింది బాబూ, నేనూ మీవాళ్ళని అడిగాను" అందట. డేటు కొట్టేశారు. ఇవాళ షాపుకి వెళ్తూ గుడ్డ మన గుమ్మంలోనే కట్టుకున్నాడు, నా ఎదురుగా. ముడి సరిగ్గా పడిందా అని అడిగాడు. పడిందన్నాను.

నాకు సంతోషంగా ఉంది. సంతోషం పక్కనే సిగ్గు కూడా ఉంది, అది ఎటూ పోవట్లేదు. ఇన్ని వారాలు వాడు నన్ను మోశాడు. నేనేమో వాణ్ణి వెలుతురులోకి మోసుకెళ్తున్నాననుకుని ఊరంతా చాటాను. వాడు క్షమించాడో లేదో అడగలేదు. అడిగితే "పర్లేదు నాన్నా" అనేస్తాడు, ఆ మాట ఇప్పట్లో వినకూడదని ఉంది.

ఇంక అందరికీ చెప్పాలి. నేను ఏం చాటానో అది వెనక్కి తీసుకోవాలి. ఒక్కణ్ణే అందరికీ చెప్పలేను, మొహం చెల్లదు. నువ్వు సాయం పట్టు.

మీ పెద్దమావయ్యకి: ఆపరేషన్ రోజుకి అందర్నీ వేసుకుని వ్యాన్‌లో వస్తానన్నాడు. వ్యాన్ వద్దని చెప్పు. ఊరికే రమ్మను, ఒక్కడే.

చిన్నబాబాయికి: ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు, పాపం. కోపం వస్తుంది. నన్ను తిట్టమను, వాణ్ణి ఏమీ అనొద్దను.

మీ పిన్నికి: వచ్చినప్పుడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడగొద్దని. మెత్తగా చెప్పు, ఆవిడ మనసు మంచిదే.

పిన్ని కోడలికి: బొమ్మల పుస్తకం పంపింది. వాడికిప్పుడు వద్దని చెప్పి, తన పిల్లలకి ఇచ్చుకోమను.

మీ చిన్నత్తకి: వాడి దగ్గరికి ఎవరొచ్చినా ముందు "నేను ఫలానా" అని పలకాలని. ఈ నియమం ఆవిడకి బాగా నచ్చుతుంది.

మా బావమరిదికి, అంటే మీ అమ్మ తమ్ముడికి: ఏం చెప్పాలో నాకు తోచట్లేదు. మీ అమ్మ చెబుతానంది. ఆవిడ ఏం చెబుతుందో నాకు భయంగా ఉంది.

మీ పెద్దత్తకి, మా అక్కకి: చెవులు వినపడవు, ఫోన్ పనికిరాదు, ఉత్తరమే రాయాలి. "వాడికి అన్నీ కనపడుతున్నాయి" అని బోర్డు మీదంత అక్షరాలతో రాసి పంపింది నేనే. ఆవిడ దాన్ని గోడకి అంటించుకుందట. "నేను అబద్ధం రాశాను అక్కా" అని అంతే పెద్ద అక్షరాలతో నేనే రాయాలి. మిగతావాళ్ళందరికీ నువ్వు చెప్పు. ఆవిడకి నేను.